జొన్న, ఎర్రగడ్డ, కుక్క: మన పంటల వెనుక ఒక వైద్యచరిత్ర

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల వారికి జొన్నరొట్టె, ఎర్రగడ్డ కారం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిన రొట్టెముక్కను, కూర అడుగును వాకిట్లోని కుక్కకు వేయడం తరతరాల అలవాటు. మనిషి తినేది కుక్కకు ఏం చేస్తుందిలే అన్న నమ్మకమే దీనికి మూలం. ఆ నమ్మకంలోని నిజానిజాలను తేల్చిన పరిశోధనల చరిత్రలో మన ఈ రెండు పంటలకూ చోటున్నదని చాలామందికి తెలియదు.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పెల్లాగ్రా వ్యాధి ప్రబలింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు రేగడం, విరేచనాలు, మతిభ్రమణం దాని లక్షణాలు. మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదలే దీనికి ఎక్కువగా బలయ్యేవారు. 1914లో ఈ పరిశోధన బాధ్యత చేపట్టిన డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్, ఇది అంటువ్యాధి కాదని, ఆహారలోపమని నిరూపించాడు. అక్కడి కుక్కలకు వచ్చే ‘నల్లనాలుక’ వ్యాధి కూడా ఇటువంటిదేనని తేలడంతో, ఏ ఆహారం పెల్లాగ్రాను ఆపగలదో కుక్కల మీదనే పరీక్షించసాగారు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో నల్లనాలుకను నయం చేశాడు. ఆ వెంటనే మనుషులకూ అదే మందైంది.

మన దేశంలో చిక్కుముడి మరొకటి. దక్కనులో మొక్కజొన్న కాక జొన్న తినే పేదలలోనూ పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన గోపాలన్, శ్రీకంటియాలు 1960లో, జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని ప్రతిపాదించారు. 1965లో బెలవాడి, గోపాలన్‌లు జొన్న ప్రధానమైన ఆహారంతో కుక్కలలో నల్లనాలుకను కలిగించి చూపారు. ల్యూసిన్ పాత్రపై తరువాత వాదోపవాదాలు నడిచాయి. కాబట్టి జొన్న విషమని భ్రమపడకండి. పప్పు, ఆకుకూర, పాలు తోడైతే అది చక్కని ఆహారం. ఒక్క జొన్నే ఆహారమైతే మనిషికైనా కుక్కకైనా లోటే.

ఎర్రగడ్డ కథ దీనికి భిన్నం. గోల్డ్‌బెర్గర్‌తో కలిసి పనిచేసిన విలియం సెబ్రెల్, ఎర్రగడ్డ మేపిన కుక్కలకు రక్తహీనత వస్తుందని 1930లో ప్రకటించాడు. ఇది లోపం కాదు, నిజంగానే విషప్రభావం. ఎర్రగడ్డలోని గంధక సమ్మేళనాలు ఎర్రరక్తకణాలలోని హిమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తాయి, కణాలు చిట్లిపోతాయి. కుక్క రక్తకణాలు ఈ దాడికి మనిషి కణాలకంటే సులువుగా లొంగిపోతాయి. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా విషం పోదు. తెల్లగడ్డ మరింత తీవ్రమైనది. పది కిలోల కుక్కకు 50 గ్రాముల ఎర్రగడ్డ, అంటే చిన్నపాటి గడ్డ ఒకటి, ప్రమాదం తేవచ్చు. రోజూ కొంచెం కొంచెంగా పెట్టినా ముప్పే.

మోసమెక్కడంటే, లక్షణాలు వెంటనే బయటపడవు. ఒకటి రెండు రోజుల నుంచి కొన్ని రోజుల తరువాత కుక్క నీరసిస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు ఎరుపు లేదా గోధుమ రంగులో వస్తుంది, ఆయాసం పుడుతుంది. అప్పటికి పెట్టిన కూర ఎవరికీ గుర్తుండదు. ఎండదెబ్బ అనుకొని ఊరుకుంటారు.

కనుక పాఠకులకు నా విన్నపం: చారు, పులుసు, మాంసపు కూర అడుగు, ఎర్రగడ్డ కారం పూసిన రొట్టె కుక్కకు వేయకండి. ఏమీ కలపని రొట్టె లేదా అన్నంలో మజ్జిగ, ఉడికించిన గుడ్డు కలిపి పెట్టండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ కలిసిన చక్కెరలేని మిఠాయిలు కూడా దూరంగా ఉంచండి. బూజుపట్టిన శనక్కాయలను మనుషులు తినరాదు, కుక్కలకూ పెట్టరాదు; వాటిలోని అఫ్లాటాక్సిన్ ఇద్దరి కాలేయాన్నీ చెరుస్తుంది. పొరపాటున తింటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు; అది మరో ప్రమాదం. ఏమి, ఎంత, ఎప్పుడు తిన్నదో గుర్తుంచుకొని నేరుగా పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.

పెల్లాగ్రా మందు దొరకడానికి కుక్కలు తమ ప్రాణాలు పెట్టాయి. ఆ ప్రయోగాలు నేర్పిన పాఠాన్ని వాటి మేలుకే వాడడం మన కనీస బాధ్యత.