రైతు ఉత్పత్తిదారుల సంఘంలో సరుకు, డబ్బు లెక్కలపై అదుపు

మీ ఊళ్లో రైతు ఉత్పత్తిదారుల సంఘం (ఎఫ్‌పీఓ) పెట్టిన కొత్తలో అందరూ ఒకరికొకరు తెలిసినవారే. లెక్క అడిగితే అనుమానించినట్లు ఉంటుందని ఎవరూ అడగరు. సభ్యులు పెరిగి, కొనుగోళ్లు మొదలయ్యాక ఈ మొహమాటమే సంఘానికి చేటు తెస్తుంది. సీఈఓ నిజాయతీపరుడైనా సరే, లెక్క చూసే పద్ధతి లేకపోతే రేపు నింద పడినప్పుడు తన తప్పు లేదని నిరూపించుకోవడానికి ఆయనకూ ఆధారం ఉండదు.

మొదట చేయాల్సింది పనులు విడదీయడం. కాటా వేసేవారు, రసీదు రాసేవారు, డబ్బు చెల్లించేవారు ఒక్కరే కాకూడదు. ఇద్దరే ఉద్యోగులు ఉన్న చిన్న సంఘమైతే, కొనుగోలు రోజుల్లో కాటా దగ్గర ఒక డైరెక్టరు వంతులవారీగా కూర్చోవాలి. రసీదుపై సరుకు బరువు, తేమ శాతం, ధర, కోత విడివిడిగా రాసి, ఒక ప్రతి రైతుకు ఇవ్వాలి. చెల్లింపు రైతు బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. చెక్కుపై ఇద్దరి సంతకాలు ఉండాలి. ఖాళీ చెక్కులపై ముందే సంతకం చేసి ఇచ్చే అలవాటు ఉంటే ఈ నియమానికి అర్థమే లేదు.

ఎక్కువ గొడవలు గోదాములో వచ్చే తరుగు దగ్గరే. "ఎండితే తగ్గదా?" అనే మాటతో చాలా లెక్కలు అక్కడే ఆగిపోతాయి. నిజమే, తగ్గుతుంది. కానీ ఎంత తగ్గాలో లెక్క కట్టవచ్చు. ఉదాహరణకు 18 శాతం తేమతో 100 క్వింటాళ్ల మొక్కజొన్న కొన్నారనుకుందాం. అందులో తేమ పోను గింజ పదార్థం 82 క్వింటాళ్లు. దాన్ని 14 శాతం తేమకు ఆరబెడితే ఆ 82 క్వింటాళ్లు మొత్తం బరువులో 86 శాతం అవుతాయి. 82ను 0.86తో భాగిస్తే సుమారు 95.3 క్వింటాళ్లు వస్తాయి. అంటే తేమ వల్ల తగ్గాల్సింది 4.7 క్వింటాళ్లు మాత్రమే. గోదాములో 92 క్వింటాళ్లే తేలితే మిగతా 3.3 క్వింటాళ్లకు సమాధానం రావాలి. దుమ్ము, చెత్త తీశారా? ఎలుకలు తిన్నాయా? ఎత్తుడు దింపుడులో ఒలికిపోయిందా? కొనేటప్పుడే తేమ తక్కువ రాశారా? తేమ మీటరు తప్పు చూపుతున్నా ఇలాగే జరుగుతుంది కాబట్టి, మనిషిని నిలదీసే ముందు మీటరును, కాటాను సరిచూడండి.

ఎరువులు, విత్తనాల అమ్మకంలో ప్రమాదం వేరు. సీఈఓ పనితీరును అమ్మకాల మొత్తంతోనే కొలిస్తే, ఆయన అప్పుపై ఎక్కువ అమ్ముతారు. టర్నోవరు పెరిగినట్లు కనిపిస్తుంది, చేతిలో డబ్బు ఉండదు. అమ్మకంతో పాటు వసూలైన మొత్తం, 90 రోజులు దాటిన బాకీలు, గడువు దగ్గరపడిన మందుల నిల్వ కూడా ప్రతి నెలా చూడండి. డైరెక్టర్ల బాకీలు ఆ జాబితాలో మొదట ఉండాలి. వారే కట్టకపోతే మిగతా సభ్యులను అడిగే ముఖం ఎవరికీ ఉండదు.

మీ సంఘం ప్రొడ్యూసర్ కంపెనీగా నమోదై ఉంటే కొన్ని విషయాలు చట్టమే చెబుతుంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం బోర్డు మూడు నెలలకోసారైనా, ఏడాదిలో కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి. సీఈఓ సభ్యుడు కాని పూర్తికాలపు వ్యక్తి అయి ఉండాలి. సెక్షన్ 378 జెడ్‌ఎఫ్ ప్రకారం చార్టర్డ్ అకౌంటెంటుతో అంతర్గత ఆడిట్ చేయించాలి. అయితే ఆడిటరు ఎక్కువగా చూసేది కాగితాలు. కాటా దగ్గర జరిగేది మీరే చూసుకోవాలి.

పెట్టిన పద్ధతి పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ముందు చెప్పకుండా ఒక రోజు వెళ్లి ఏవైనా ఐదు రసీదులు తీయండి. ఆ రైతులను కలిసి వారి దగ్గరున్న ప్రతితో పోల్చండి. అదే సరుకు స్టాకు రిజిస్టరులో ఏ రోజు ఎక్కింది, ఏ లారీలో వెళ్లింది, కొన్న వ్యాపారి బిల్లులో బరువెంత, డబ్బు బ్యాంకుకు ఎప్పుడు చేరిందో వరుసగా చూడండి. గొలుసు ఎక్కడ తెగితే అక్కడే మార్పు అవసరం. ఎవరూ చూడని రిజిస్టరు ఏదైనా కనిపిస్తే దాన్ని ఆపేయండి. అది గుమాస్తా సమయం తినడం తప్ప చేసేదేమీ లేదు. ఈ పరిశీలన సీజనుకు రెండుసార్లు, ప్రతిసారీ వేర్వేరు డైరెక్టర్లతో చేయించి, తేలిన విషయాలను బోర్డు మినిట్స్ పుస్తకంలో రాయించండి.