ఉద్యోగాల బిల్లు, పన్నుల వివాదం: 2011-12 నాటి అమెరికా రాజకీయాలపై ఒక పరిశీలన

ప్రవేశిక

2011 సెప్టెంబరు 8న అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా కాంగ్రెస్ ఉభయసభల సంయుక్త సమావేశంలో ‘అమెరికన్ జాబ్స్ యాక్ట్’ను ప్రతిపాదించారు. దాని అంచనా వ్యయం 447 బిలియన్ డాలర్లు. అప్పటికి దేశంలో నిరుద్యోగిత 9 శాతం దగ్గర నిలిచి ఉంది. బిల్లు యథాతథంగా చట్టం కాలేదు. ప్రభుత్వ వ్యయం పెంచాలన్న డెమొక్రాట్లకూ, తగ్గించాలన్న రిపబ్లికన్లకూ మధ్య జరిగిన సంఘర్షణలో అది ఓడిపోయిందనేది సాధారణంగా వినిపించే వివరణ. ఓటింగు వివరాలను వరుసలో పెట్టి చూస్తే ఈ వివరణ అసంపూర్ణమని తేలుతుంది.

ఆ బిల్లులో సగానికి పైగా భాగం వ్యయం కాదు, పన్ను తగ్గింపు. సామాజిక భద్రత నిధికి ఉద్యోగి తన జీతం నుండి చెల్లించే 6.2 శాతం పేరోల్ పన్నును 2011 సంవత్సరానికి అప్పటికే 4.2 శాతానికి తగ్గించారు. దానిని 3.1 శాతానికి దించాలని ఒబామా కోరారు. మిగిలిన దానిలో ఉపాధ్యాయుల ఉద్యోగాలను నిలపడానికి 30 బిలియన్లు, పోలీసు, అగ్నిమాపక సిబ్బందికి 5 బిలియన్లు, రహదారులు, వంతెనలు, పాఠశాల భవనాల మరమ్మతులకు మరికొంత కేటాయించారు. పన్ను తగ్గింపును తమ సిద్ధాంతంగా చెప్పుకొనే పక్షం పన్ను తగ్గింపే ప్రధానాంశంగా ఉన్న బిల్లును ఎందుకు అడ్డుకుంది?

రిపబ్లికన్ల సందేహానికి ఆధారం లేకపోలేదు. 2009లో 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టం వచ్చినప్పుడు నిరుద్యోగిత 8 శాతం దాటదని ఒబామా ఆర్థిక సలహాదారులు అంచనా వేశారు. అదే ఏడాది అక్టోబరులో అది 10 శాతానికి చేరింది. మాంద్యం లోతు ముందుగా తెలియకపోవడమే కారణమన్న సమాధానం ఆర్థికవేత్తలను ఒప్పించి ఉండవచ్చు గాని ఓటర్లను ఒప్పించలేదు. 2010 నవంబరు ఎన్నికలలో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల వశమైంది.

మూడు ఓట్లు, మూడు రేట్లు

సెనేట్‌లో మెజారిటీ డెమొక్రాట్లదే. అయితే చర్చను ముగించి ఓటింగుకు వెళ్లడానికి 60 ఓట్లు కావాలి. బిల్లు ఖర్చును భరించడానికి ఒబామా మొదట సంపన్నుల పన్ను మినహాయింపులకు పరిమితి విధించాలన్నారు. సెనేట్ డెమొక్రాట్లు దానిని పక్కన పెట్టి, 10 లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై 5.6 శాతం అదనపు పన్నును ప్రతిపాదించారు. అక్టోబరు 11న ఫలితం 50-49. మెజారిటీ నాయకుడు హ్యారీ రీడ్ బిల్లును మళ్లీ సభ ముందుకు తేగల హక్కును నిలుపుకోవడానికి తన ఓటును వ్యతిరేకంగా మార్చుకున్నారు. అది సభా నియమాల వల్ల వచ్చిన చిత్రమైన పద్ధతి. నిజమైన మద్దతు 51 అని లెక్కించాలి.

ఆ తరువాత డెమొక్రాట్లు బిల్లును ముక్కలు చేశారు. అక్టోబరు 20న ఉపాధ్యాయులు, పోలీసులకు సంబంధించిన 35 బిలియన్ల భాగం వచ్చింది. దీనికి నిధుల కోసం కోరిన అదనపు పన్ను 0.5 శాతం మాత్రమే. ఫలితం 50-50. నవంబరు 3న 60 బిలియన్ల మౌలిక వసతుల భాగానికి 0.7 శాతం కోరారు. ఫలితం 51-49. మూడుసార్లూ ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా అనుకూలంగా పడలేదు. పన్ను రేటు పదో వంతు కంటే తక్కువకు దిగినా ఓట్లు కదలలేదంటే, వివాదం పన్ను పరిమాణం మీద కాదు, పన్ను పెంపు అనే సూత్రం మీదనే. చిన్న వ్యాపారులలో అనేకులు వ్యక్తిగత ఆదాయపు పన్ను కిందనే చెల్లిస్తారు కాబట్టి ఉద్యోగాలిచ్చేవారిపైనే ఈ భారం పడుతుందన్నది రిపబ్లికన్ల వాదం. ఆ వాదం 5.6 శాతానికి ఎంతో కొంత వర్తిస్తుంది. 0.5 శాతానికి దానిని అంతే బలంగా వర్తింపజేయడం కష్టం.

దీనికి విపర్యయ నిదర్శనం కూడా ఉంది. మాజీ సైనికులను ఉద్యోగంలో చేర్చుకొనే సంస్థలకు పన్ను రాయితీనిచ్చే భాగంలో సంపన్నులపై కొత్త పన్ను లేదు. దానిని సెనేట్ 95-0తో ఆమోదించింది. 2012 ఏప్రిల్ 5న సంతకమైన ‘జాబ్స్ యాక్ట్’ కూడా ఇటువంటిదే. తెలుగులో రెండూ ‘ఉద్యోగాల చట్టం’ అవుతాయి గనుక ఈ రెంటినీ ఒకటిగా పొరబడే ప్రమాదం ఉంది. ఈ రెండవది చిన్న సంస్థలు పెట్టుబడి సమీకరించడానికి ఉన్న నిబంధనలను సడలించిన చట్టం. ప్రతినిధుల సభలో తుది ఓటు 380-41.

అభ్యర్థుల వేదిక

ఈ సూత్రం అంత దృఢంగా మారడానికి అధ్యక్ష అభ్యర్థిత్వపు పోటీ తోడ్పడింది. ఆగస్టు 11న అయోవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో జరిగిన చర్చలో రిపబ్లికన్ అభ్యర్థులను ఒక ప్రశ్న అడిగారు: పది డాలర్ల వ్యయ కోతకు ఒక డాలరు పన్ను పెంపు చొప్పున ఒప్పందం కుదిరితే తిరస్కరిస్తారా? వేదికపై ఉన్న ఎనిమిది మందీ చేతులెత్తారు. వారిలో మితవాదిగా పేరున్న జాన్ హంట్స్‌మన్ కూడా ఉన్నారు.

తరువాత పోటీ పన్ను రేట్ల తగ్గింపులోనే సాగింది. హెర్మన్ కెయిన్ వ్యక్తులకు, వ్యాపారాలకు, అమ్మకాలకు తలా 9 శాతం అన్నారు. రిక్ పెర్రీ 20 శాతం ఏకరేటును ఐచ్ఛికం చేస్తానన్నారు. మిట్ రామ్నీ 2012 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను రేట్లన్నిటినీ ఐదో వంతు తగ్గిస్తానన్నారు. అంతకు ఒక నెల ముందే, 2010 ఆదాయంపై ఆయన చెల్లించిన పన్ను 13.9 శాతమని ఆయన విడుదల చేసిన పత్రాలే తెలిపాయి. ఒబామా ప్రతిపాదించిన ‘బఫెట్ నియమం’ చర్చలో డెమొక్రాట్లకు ఇంతకంటే అనుకూలమైన ఉదాహరణ దొరకదు. అయినా ఏప్రిల్ 16న సెనేట్‌లో ఆ నియమానికి వచ్చినవి 51 ఓట్లే.

ఇరుపక్షాలూ పన్ను సంస్కరణకు ఆదర్శంగా 1986 చట్టాన్నే పేర్కొనడం గమనార్హం. రేగన్ కాలపు ఆ చట్టం గరిష్ఠ రేటును 50 నుండి 28 శాతానికి దించింది, ప్రతిగా మినహాయింపులను కోసింది, సంస్థలపై భారం పెంచింది. అది ఇచ్చిపుచ్చుకోవడం. 2011 నాటికి రిపబ్లికన్లు అందులోని మొదటి సగాన్ని, డెమొక్రాట్లు రెండవ సగాన్ని స్మరించుకుంటూ వచ్చారు.

2012 నవంబరులో ఒబామా తిరిగి గెలిచారు. 2013 జనవరి 2న సంతకమైన చట్టం 4 లక్షల డాలర్లకు (దంపతులకు నాలుగున్నర లక్షలకు) మించిన ఆదాయంపై గరిష్ఠ రేటును 39.6 శాతానికి చేర్చింది. అదే నెలలో పేరోల్ పన్ను గడువు ముగిసి, ఉద్యోగుల వాటా 4.2 నుండి 6.2 శాతానికి తిరిగి పెరిగింది. ఉపాధ్యాయుల కోసం ప్రతిపాదించిన 30 బిలియన్లు ఆ చట్టంలో లేవు.