ఇప్పుడే జరిగింది, మళ్లీ చూడండి!

మన దేశంలో డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. టీవీలో ఆటలు చూసేవాళ్లు ఆ తేదీని ఇంకో కారణంతోనూ తలుచుకోవాలి. వికెట్ పడిన మరుక్షణం ఆ బంతి తెర మీద మళ్లీ వస్తుంది, నెమ్మదిగా, నాలుగు వైపుల నుంచీ. ఆ వరం మొదలైంది 1963లో, ఆ రోజునే.

అంతకుముందు కథ చిన్నదే. 1895లో లూమియేర్ సోదరులు పారిస్‌లో కదిలే బొమ్మలు చూపించారు. 1936లో బీబీసీ లండన్ నుంచి టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. కానీ టీవీలో వచ్చింది వచ్చినట్టే పోయేది. దాచుకోవాలంటే తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి తీయాలి, ఆ ఫిల్మ్‌ను కడగాలి. 1956 ఏప్రిల్ 14న షికాగోలో ఆంపెక్స్ కంపెనీ వీడియో టేపు యంత్రాన్ని చూపించాక ఆ అవస్థ తీరింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ బృందం తయారుచేసిన యంత్రం అది. తర్వాత ధ్వని రంగంలో పేరు మోగిపోయిన రే డాల్బీ కూడా ఆ బృందంలో ఉన్నాడు. రెండంగుళాల వెడల్పు టేపు, సెకనుకు 15 అంగుళాల పరుగు. ఎడిటింగ్ మాత్రం బ్లేడుతోనే. టేపు మీద బొమ్మ కంటికి కనబడదు కాబట్టి ఇనుప రజను ద్రావకం పూసి, భూతద్దంలో గీతలు వెతికి కోసి అతికించేవాళ్లు.

ఇక టోనీ వెర్నా సంగతి. ఈయన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో దర్శకుడు, అప్పుడే 30 నిండాయి. ఫిలడెల్ఫియాలో ఆర్మీ, నేవీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. అధ్యక్షుడు కెనెడీ హత్యతో వాయిదా పడి, దేశం ఇంకా దుఃఖంలో ఉండగానే జరిగిన ఆట. వెర్నా అర టన్నుకు పైగా బరువున్న టేపు యంత్రాన్ని స్టేడియానికి మోయించుకొచ్చాడు. అసలు చిక్కు బరువు కాదు. టేపును వెనక్కి తిప్పితే ఆట ఎక్కడ మొదలైందో తెలిసేదెలా? అందుకు టేపు మీద శబ్దం ఉండే చోట బీప్‌లు పెట్టించాడు. టేపు తిరుగుతుంటే చెవితో విని చోటు పట్టుకోవాలి. ఎంత చక్కని ఆలోచన!

తీరా ఆట మొదలయ్యాక యంత్రం మొరాయించింది. బొమ్మ కుదురుగా నిలవలేదు. ఒకసారి కాకపోతే ఇంకోసారి అని వెర్నా పట్టు విడవలేదు. చివరి క్వార్టర్లో ఆర్మీ ఆటగాడు రోలీ స్టిక్‌వే బంతితో గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఈసారి టేపు దారికొచ్చింది. స్టిక్‌వే మళ్లీ పరుగెత్తాడు, అదే వేగంతో. స్లోమోషన్ ఇంకా లేదు. ఆర్మీకి మరో స్కోరు వచ్చిందని జనం పొరబడకుండా వ్యాఖ్యాత లిండ్సే నెల్సన్ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నేవీ 21-15తో గెలిచింది. గెలుపు సంగతి అటుంచితే, ఓడిన జట్టు చేసిన ఆ స్కోరే చరిత్రకెక్కింది.

1967లో ఆంపెక్స్ డిస్క్ యంత్రం వచ్చింది. అందులో పట్టేది 30 సెకన్లే, కానీ స్లోమోషన్ సాధ్యమైంది. 1992 నవంబరులో డర్బన్‌లో రీప్లే తీర్పు చెప్పే స్థాయికి ఎదిగింది. మన హైదరాబాదీ అజారుద్దీన్ సారథ్యంలోని జట్టులో ఆడుతున్న సచిన్‌ను థర్డ్ అంపైర్ కార్ల్ లీబెన్‌బర్గ్ టీవీ చూసి రనౌట్‌గా ప్రకటించాడు. టెస్టుల్లో అలా అవుటైన తొలి బ్యాట్స్‌మన్ సచినే.

1994లో బెల్జియంలోని లీయెజ్‌లో ఈవీఎస్ కంపెనీ పుట్టింది. టేపు స్థానంలోకి సర్వర్ వచ్చింది. సర్వర్ ఒక పక్క కెమెరాల దృశ్యాలను ఆగకుండా రాసుకుంటూనే ఇంకో పక్క చూపిస్తుంది. వెర్నా యంత్రానికి అది చేతకాదు. మైదానం బయట ప్రసారం నడిపే ఓబీ వ్యాన్‌లో ఆపరేటర్ చేతి కింద ఓ చక్రం, ఓ లీవరు, కొన్ని మీటలు. చక్రం వెనక్కి తిప్పి బౌలర్ చేయి లేచిన ఫ్రేము దగ్గర ‘ఇన్’ నొక్కుతాడు, బంతి కీపర్ చేతిలో పడ్డాక ‘అవుట్’. అదే క్లిప్. ఏదీ తెగదు, మొదలూ చివరా తెలిపే గుర్తులు పడతాయంతే. నచ్చకపోతే గుర్తు రెండు ఫ్రేములు జరిపితే సరి. డిస్క్ నిండితే పాత దృశ్యాల మీద కొత్తవి పడతాయి. క్లిప్‌గా దాచినవి మాత్రం చెరగవు. లీవరు నెడితే వేగం మారుతుంది. క్లిప్‌లన్నీ వరుసగా పేరిస్తే ప్లేలిస్ట్, లంచ్ వేళకు ముఖ్యాంశాలు సిద్ధం. ఇదంతా బౌలర్ మళ్లీ రనప్ దగ్గరికి నడిచి వెళ్లేలోగా చేసే ఆ ఆపరేటర్ల పేర్లు కూడా వ్యాఖ్యాతలు చెప్పాలని నా కోరిక.

అక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. క్లిప్‌లు ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు కోసుకుంటున్నారు. మామూలు కెమెరా తీసిన దృశ్యానికి కృత్రిమ మేధ మధ్య ఫ్రేములు కల్పించి సూపర్ స్లోమోషన్ చేసిపెడుతోంది. ఈవీఎస్ కూడా అలాంటి పరికరం తెచ్చింది. సిక్సర్ అందం చూపడానికి అది బాగానే ఉంటుంది. రనౌట్ తేల్చేటప్పుడు మాత్రం కెమెరా కంటపడని ఫ్రేము ఒక్కటీ కలవకూడదు. కల్పించిన ఫ్రేములున్న రీప్లే వేసినప్పుడల్లా ఆ సంగతి తెర మీద రాసి చూపించాలి.