ఓరుగల్లు నగర ప్రణాళిక: కావ్యసాక్ష్యం

పాశ్చాత్య నగర నిర్మాణ చరిత్రలో జ్యామితీయ ప్రణాళికకు ఉదాహరణగా వెనిస్ పాలకులు 1593లో స్థాపించిన నక్షత్రాకార కోటనగరం పాల్మనోవాను పేర్కొంటారు. అంతకు మూడు శతాబ్దాల ముందే కాకతీయుల ఓరుగల్లు వలయాకారంలో రూపొందింది. గణపతిదేవుడు చేపట్టిన రాతికోట నిర్మాణాన్ని రుద్రమదేవి పూర్తిచేసింది. దానిచుట్టూ మట్టికోట, నడుమ స్వయంభూ శివాలయం, ఆలయానికి నాలుగు దిక్కులా తోరణాలు. ఈ జ్యామితి రాజాధికారాన్ని చాటుతుందే గాని పౌరజీవితాన్ని చూపదు. ఆ లోటును ‘క్రీడాభిరామం’ కొంత పూరిస్తుంది. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో విహరిస్తూ పూటకూళ్ల ఇంటిని, కోడిపందేన్ని మనకు చూపుతారు. అయితే కాకతీయ పతనానంతరం తెలుగులో వెలసిన ఈ కావ్యాన్ని నగరపటంగా గాక, పౌరజీవిత స్మృతిగా పరిగణించాలి. శిథిలాలను, కావ్యాన్ని కలిపి చదివినప్పుడే ఓరుగల్లు చరిత్ర సమగ్రమవుతుంది.