హేంబుల్ నదిలో కట్టిన ఓడ

ఇంగ్లండు దక్షిణతీరమున సోలెంట్ జలసంధికి చేరువనున్న హేంబుల్ నదిలో నేడు విహారనౌకలు బారులుతీరి కట్టబడి యుండును. ఇది కొత్త వాడుక కాదు. అయిదవ హెన్రీ 1418లో పూర్తిచేయించిన 'గ్రేస్ డ్యూ' యుద్ధనౌక 1420లో ఒక్క యాత్ర చేసి, ఈ నదినే చేరినది. అప్పటికే ఫ్రెంచి నౌకాబలము అణగుటచే దానికి పనిలేదు! పెనుగాలి సోకని చోటు. అడుగున మెత్తని బురద. ఓడకు ఇంతకంటె ఏమి కావలెను? కాని 1439 జనవరిలో పిడుగుపడి అది కాలిపోయెను.

నీటిమట్టమునకు దిగువనున్న భాగమును బురద కప్పివేసినది. అందులో ప్రాణవాయువు దాదాపు లేనందున కొయ్యను తినెడి శిలీంధ్రములు, పురుగులు బ్రతుకజాలవు. పందొమ్మిదవ శతాబ్దిలో కొందరు దానిని డేనుల ఓడ యనుకొనిరి. 1933లో కొలతలు తీసిన పిమ్మటనే నిజము తేలినది. ఒకదానిపై నొకటిగా మూడేసి పొరల పలకలతో కట్టిన ఆ శిథిలము మిక్కిలి తగ్గిన పాటువేళలనే కొంత కానవచ్చును.