ఆటిజం, జెండర్ డిస్ఫోరియా: వైద్యుల చూపు మారిన తీరు

ఎదుటివారితో మెలగడంలోనూ, మాటామంతీలోనూ, స్పర్శ, శబ్దం వంటి ఇంద్రియానుభవాల్లోనూ చిన్ననాటి నుంచే కనిపించే భిన్నత్వాన్ని ఆటిజం అనీ, పుట్టినప్పుడు నమోదైన లింగానికీ తాను లోలోపల ఎరిగిన లింగానికీ పొసగక వ్యక్తి పడే తీవ్రవేదనను జెండర్ డిస్ఫోరియా అనీ వైద్యులు వ్యవహరిస్తారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన రోగనిర్ధారణ గ్రంథం మూడవ కూర్పులోనే శైశవ ఆటిజమూ, నేటి డిస్ఫోరియాకు పూర్వరూపాలైన నిర్ధారణలూ తొలిసారి చోటుచేసుకున్నా, రెండింటినీ కలిపి చూసే ప్రయత్నం ఆలస్యంగానే మొదలైంది.

1996లో అమెరికాలో వెలువడిన ఒక పత్రం ఆటిజం గల ఇద్దరు మగపిల్లలను వర్ణిస్తూ, ఆడవారి వస్తువులపై వారికున్న మక్కువకు పట్టు నునుపు, తళుకు, పొడవాటి జుట్టు కదలిక వంటి ఇంద్రియాకర్షణలే కారణం కావచ్చని భావించింది. ఆ ఇద్దరి విషయంలో అది నిజమే అయినా, అటువంటి వివరణను ఆటిజం గలవారందరికీ వర్తింపజేసి, తమ లింగం గురించి వారు చెప్పుకున్న మాటను వట్టి వ్యామోహంగా కొట్టిపారేయడం అన్యాయం.

ఒకరిద్దరి వర్ణనలను దాటి లెక్కలు తీసే పని 2010లో జరిగింది. ఆమ్‌స్టర్‌డామ్ జెండర్ క్లినిక్‌కు వచ్చిన 204 మంది పిల్లలను, కౌమారులను అన్నెలౌ డి వ్రీస్ బృందం పరిశీలించగా 7.8 శాతం మందిలో ఆటిజం కనిపించింది. అప్పట్లో సాధారణ జనాభాలో అది 1 శాతం దాకా ఉంటుందని అంచనా. 2014లో అమెరికాలో జాన్ స్ట్రాంగ్ బృందం ఎదురు దిశ నుంచి వెదికి, వేరే లింగానికి చెందినవారిగా ఉండాలన్న కోరిక ఆటిజం గల పిల్లల్లో ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేల్చింది. అయితే దానికి ఆధారం తల్లిదండ్రులు నింపిన ప్రశ్నావళిలోని ఒకే ఒక అంశం, అంటే పిల్లల నోటి మాట అక్కడా వినబడలేదు.

ఆటిజం పురుష మెదడు తీరుకు పరాకాష్ఠ అన్న సైమన్ బారన్-కోహెన్ 2002 నాటి సిద్ధాంతంతో ఈ సంబంధాన్ని వివరించబోయినవారు, పుట్టుకతో మగవారిగా నమోదైన ట్రాన్స్ వ్యక్తుల్లోనూ ఆటిజం ఎక్కువగా ఎందుకుందో చెప్పలేకపోయారు. 2020లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త వరుణ్ వారియర్ బృందం 6,41,860 మంది వివరాలను విశ్లేషించి, ట్రాన్స్‌జెండర్, లింగ వైవిధ్యం గల వ్యక్తులు ఆటిజం కలిగి ఉండే అవకాశం మిగతావారికంటే 3 నుంచి 6 రెట్లు ఎక్కువని తేల్చింది. సంబంధం ఉన్నదని దీనితో స్థిరపడింది గానీ, ఏది దేనికి కారణమో ఇలాంటి లెక్కలు చెప్పవు.

చికిత్స విషయంలో 2018 నాటి తొలి మార్గదర్శకాలు, ఆటిజం ఉన్నంత మాత్రాన జెండర్ వైద్యం నిరాకరించరాదనీ, నిర్ణయానికి మరింత సమయం, స్పష్టమైన వివరణ ఇవ్వాలనీ చెప్పాయి. ఇంగ్లండ్‌లో శిశువైద్యురాలు హిలరీ కాస్ 2024లో సమర్పించిన నివేదిక, జెండర్ సేవలకు వచ్చే పిల్లలకు ఆటిజం పరీక్ష కూడా జరపాలని సూచించింది. ఆ పరీక్ష బిడ్డకు తగిన తోడ్పాటు అందించడానికా, చికిత్సకు అడ్డుకట్ట వేయడానికా అన్న వివాదం ఇంకా సాగుతూనే ఉంది.