కుడికి వంగే బంతి

గోల్కొండ కోటలో నయా ఖిల్లా భాగం. పాత రాతి గోడల మధ్య పరుచుకున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో ఇంకా ఎండ ముదరలేదు. ప్రాక్టీస్ రేంజ్‌లో నలభై దాటిన ఒక లాయరు గారు డ్రైవర్ అనే పొడవాటి క్లబ్ పట్టుకుని నిలబడ్డారు. మీరు ఆయనకు కుడిపక్కగా నాలుగడుగులు జరిగి, బంతీ, దూరాన ఉన్న జెండా ఒకే వరసలో కనిపించే చోట నిలబడండి. రోగమేదో తెలిసేది ఇక్కణ్ణుంచే.

క్లబ్ పైకి లేచింది, కిందికి దూసుకొచ్చింది. మొద్దు చప్పుడు. బంతి జెండాకు ఎడమగా బయలుదేరింది. కాసేపు అటే పోయేలా ఉంది. అంతలోనే కుడికి తిరగడం మొదలుపెట్టి, జెండాను దాటి, కుడివైపు చెట్ల కింద పడింది. ఇదే స్లైస్. కుడిచేతివాటం అమెచ్యూర్లను ఇంతగా ఏడిపించే జబ్బు ఇంకోటి లేదు.

లాయరు గారు పాదాలు ఇంకొంచెం ఎడమకు తిప్పుకున్నారు. మళ్లీ కొట్టారు. బంతి మరింత ఎడమకు లేచి, మరింత గట్టిగా కుడికి వంగింది. పక్క మ్యాట్ మీది మిత్రుడు, "తల ఎత్తేస్తున్నారండీ" అన్నాడు. ఏ గోల్ఫ్ మైదానానికి వెళ్లినా వినిపించే సలహా ఇది. చాలాసార్లు స్లైస్‌కూ దీనికీ సంబంధమే ఉండదు. పైగా తలను బలవంతంగా కిందికి బిగబట్టినవాడి భుజాలు సరిగా తిరగవు.

పక్కనే నిలబడ్డ కోచ్ ఇంతవరకూ నోరు విప్పలేదు. ఒకప్పుడు ఈ మైదానంలోనే క్యాడీగా బ్యాగులు మోసిన మనిషి. ఆయన లాయరు గారి ఒంటికేసి చూడటం లేదు, బంతినే చూస్తున్నాడు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ జేకబ్స్ అనే గొప్ప గురువు జీవితమంతా నేర్పిందీ ఇదే: ముందు బంతి ఎటు లేచిందో, ఎటు తిరిగిందో చూడు, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి కారణం పట్టుకో. నా మటుకు నాకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి కనిపించలేదు. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసుకుని, టీవీలో కనిపించే ఆటగాడి పక్కన పెట్టి పోల్చుకునేవాళ్లకు తేడాలు వంద కనిపిస్తాయి. వాటిలో ఏది రోగమో తెలియదు.

బంతి క్లబ్ ముఖాన్ని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ కాస్తలోనే అంతా తేలిపోతుంది. బంతి ఎటు బయలుదేరాలన్నది చాలావరకు ముఖం చూస్తున్న దిక్కే నిర్ణయిస్తుంది. గాలిలో ఎటు వంగాలన్నది ముఖానికీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లాయరు గారి క్లబ్ బయటినుంచి లోపలికి, ఎడమకు కోసుకుంటూ వస్తోంది. ముఖం ఆ దారితో పోలిస్తే కుడికి తెరుచుకుని ఉంది. క్రికెట్‌లో కట్ షాట్ ఆడినట్టు బంతిని అడ్డంగా కోస్తున్నారన్నమాట. ఎడమకు గురిపెట్టినకొద్దీ దారి ఇంకా ఎడమకు జరుగుతుంది, కోత ఇంకా పెరుగుతుంది. మందనుకున్నదే రోగాన్ని ముదరబెడుతోంది.

"సార్, గ్లవ్ జర చూపించుండ్రి."

లాయరు గారు ఎడమచేతి గ్లవ్ తీసిచ్చారు. అరచేతి అడుగున, మణికట్టుకు దగ్గరగా తోలు అరిగి చిల్లు పడింది. కోచ్ వేలితో ఆ చిల్లును చూపించి, "గిక్కడ ఉంది సార్" అన్నాడు. పిడి వేళ్లలో కాకుండా అరచేతిలో కూర్చుంటోంది. ప్రతి దెబ్బకూ అక్కడే జారుతోంది. పిడి అలా పట్టుకుంటే మణికట్టు క్లబ్ ముఖాన్ని సమయానికి మూయలేదు.

కోచ్ ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, పిడిని వేళ్ల మొదళ్లకు అడ్డంగా ఆనించి, చేతిని కుడికి కొద్దిగా తిప్పి మూయించాడు. పైనుంచి చూస్తే ఎడమచేతి కణుపులు రెండు, రెండున్నర కనిపించాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూపాలి. లాయరు గారు మొహం చిట్లించారు.

"ఇదేంటి కోచ్ గారూ, చెయ్యి నాది కానట్టుంది! బెన్ హోగన్ పుస్తకంలో ఇలా లేదే?"

ఆయన అడిగిందాంట్లో అర్థముంది. గొప్ప ఆటగాడైన హోగన్ పుస్తకం 1957లో వచ్చింది, గోల్ఫర్లు దాన్ని ఇప్పటికీ కళ్లకద్దుకుని చదువుతారు. అయితే హోగన్‌ను వేధించినది స్లైస్ కాదు, బంతి విపరీతంగా ఎడమకు తిరిగే హుక్. దాన్ని ఆపడానికే ఆయన చేతిని ఎడమకు సడలించి పట్టుకున్నాడు. స్లైస్ ఉన్నవాడు ఆ పట్టు అనుకరిస్తే, చలిజ్వరానికి చన్నీళ్ల స్నానం చేసినంత పని.

కొత్త పట్టుతో మొదటి దెబ్బ. బంతి ఎడమకు లేచి, తిన్నగా ఎడమకే పోయి, పక్క వలలో పడింది. మిత్రుడు జాలిగా నిట్టూర్చాడు. కోచ్ మాత్రం చప్పట్లు కొట్టాడు.

"వంగిందా సార్?"

"లేదు. కానీ ఎడమకు..."

"వంగలే కదా! ముఖం సక్కగైంది. ఇగ దారి మిగిలింది."

ఇక్కడ ఆగి చూడండి. చాలామంది అమెచ్యూర్లు సరిగ్గా ఈ క్షణంలోనే వెనక్కి పోతారు. బంతి ఎడమకు పోగానే కొత్త పట్టు పనికిరాదని వదిలేసి పాతదానికి తిరుగుతారు. నిజానికి సగం రోగం కుదిరింది.

కోచ్ డ్రైవర్ ముఖం మీద పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే కొట్టాడు. తర్వాతి దెబ్బకు ఆ తెల్లటి పొర మీద గుండ్రటి మచ్చ పడింది. మధ్యలో కాదు, పిడికి దగ్గరగా ఉన్న మడమ వైపు. డ్రైవర్ ఆ భాగంతో తగిలితే దానికదే బంతికి కుడికి తిప్పే స్పిన్ తోడవుతుంది. కింద పచ్చిక మీద సెవెన్ ఐరన్ అనే పొట్టి క్లబ్‌తో కొట్టించి చూస్తే, లేచిన మట్టి గాటు కూడా ఎడమకే చూపిస్తోంది. బంతి, మచ్చ, గాటు: మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్తున్నాయి.

ఇక దారి. డ్రైవర్ కొట్టేటప్పుడు బంతిని మరీ ముందుకు పెట్టుకోవడంతో నిలబడేటప్పుడే ఆయన భుజాలు ఎడమకు తెరుచుకుంటున్నాయి. కోచ్ బంతిని ఎడమ మడమ లోపలి అంచు ఎదుటికి జరిపించాడు. తర్వాత డ్రైవర్‌కు తొడిగే కవర్‌ను బంతికి అవతల, కొంచెం వెనకగా పెట్టాడు. క్లబ్ బయటినుంచి వస్తే కవర్‌కు తగులుతుంది. మొదటిసారి తగిలింది. కవర్ ఎగిరిపడింది.

"భుజం తొందరపడొద్దు సార్. మీ వీపు జెండా దిక్కే ఇంకొంచెం సేపు ఉండాలె. చేతులు కిందికి దిగనియ్యుండ్రి."

సెవెన్ ఐరన్‌తో సగం స్వింగ్‌లు. నెమ్మదిగా. కవర్ మళ్లీ ఎగిరింది. ఆ తర్వాత ఎగరలేదు. చప్పుడు మారింది, మొద్దుతనం పోయి ఠక్కుమని వినిపించింది. బంతి జెండాకు కొద్దిగా కుడిగా లేచి, మెల్లగా ఎడమకు తిరిగి, జెండా దగ్గర దిగింది. లాయరు గారు అది దొర్లి ఆగేదాకా క్లబ్ కిందికి దించలేదు.

వెంటనే ఆయన చెయ్యి డ్రైవర్ మీదికి పోయింది. కోచ్ డ్రైవర్‌ను తీసి బ్యాగులో పెట్టేశాడు. వేగం పెరగగానే ఒళ్లు పాత దారికే పోతుంది. కొన్ని వారాలు సెవెన్ ఐరనే, ఇంట్లో అద్దం ముందు పట్టు సాధనే.

మీ బంతి కూడా కుడికే వంగుతుంటే, పాదాలు ఎడమకు తిప్పకండి. ముందు మీ గ్లవ్ తీసి చిల్లు ఎక్కడ పడిందో చూడండి.